సీరియల్‌లో లేని డేరాల అబ్బాయి

"ఆ వజీరును నమ్మొద్దు నానీ. మల్లికకు విషం పెట్టేది ఆయనే."

ఈ ఒక్క మాటతో కంభంలో ఒక ఇల్లు ఇల్లంతా నాకు శత్రువైపోయింది.

నిజానికి నేను ఆ ఇంటికి వెళ్లింది కుర్చీలు దించడానికి. మార్కాపురంలో తాజ్ సప్లయర్స్ మాదే. షామియానాలు, ప్లాస్టిక్ కుర్చీలు, బిర్యానీ డేగిశాలు, పెళ్లి స్టేజీ మీద వేసే ఎర్ర ముఖమల్ మహారాజా కుర్చీలు, అన్నీ అద్దెకిస్తాం. మా నాయన హజరత్ వలి ఓనరు. నేను సాజిద్. డిగ్రీ పాసైన హమాలీని.

నాకున్న రోగం ఒకటే. నోట్లో నువ్వుగింజ నానదు. ఏ కథకైనా ముగింపు తెలిసిందంటే, పక్కవాడికి చెప్పేదాకా నాకు అన్నం సయించదు. మూఢంలో పెళ్లిళ్లు ఉండవు కాబట్టి, కుర్చీల గుట్ట మీద పడుకుని 'మల్లికా జర్‌నిగార్' అనే చారిత్రక సీరియల్ మొత్తం ఫోన్లో చూసేశాను. సుల్తానులు, మల్లిక అనే పట్టపురాణి, కోటలు, కుట్రలు, నేల ఊడ్చే గౌన్లు. అంతా ఉర్దూ డబ్బింగ్. మామూలు ఉర్దూ కూడా కాదు. ఆ ఉర్దూకి, మా వైపు మేం మాట్లాడుకునే ఉర్దూకి చుట్టరికం ఉందిగానీ రాకపోకలు లేవు. మదర్సాలో మౌల్వీసాబ్ బెత్తంతో నేర్పించాడు కాబట్టి నాకు అర్థమవుతుంది.

ఆ రోజు ఆ ఇంటి హాల్లో టీవీలో అదే సీరియల్ నడుస్తోంది. మంచం మీద ఆ ఇంటి అమ్మమ్మ, నూరున్నీసా నానీ. కింద చాప మీద పక్కింటి పుష్పమ్మ, వక్క నములుతూ. టీవీ పక్కన నిలబడి ఒక అమ్మాయి, పాఠం చెప్పినట్టు ప్రతి మాటా తెలుగులో చెబుతోంది.

తెర మీద బాజాభజంత్రీలతో పల్లకీ వచ్చింది. సుల్తాన్ చెయ్యి పట్టి ఒక అందగత్తెను దించాడు. "ఈమె నాజ్‌పరి. నా కొత్త బేగం" అని కొలువంతా వినేలా ప్రకటించాడు.

అమ్మాయి రెప్ప వేయకుండా అంది: "ఈమె సుల్తాన్ గారి చిన్నమ్మ కూతురు నానీ. ట్యూషన్‌కి వచ్చింది."

నా చేతిలో కుర్చీలు జారాయి.

"ట్యూషన్‌కి మేళతాళాలెందుకమ్మా?" అని పుష్పమ్మ అడిగింది.

"రాజులు గదత్తా. వాళ్ళు ట్యూషన్‌కైనా అట్లనే వస్తారు."

"ట్యూషనా?" అన్నాను నేను పైకే.

అమ్మాయి తల తిప్పి చూసింది. ఆ చూపులో ముందు భయం కనిపించింది, తర్వాత కారం కనిపించింది. కళ్ళు మాత్రం రెండింటిలోనూ బాగున్నాయి. నాకు కంగారు పుట్టింది. మాట మార్చాలని, సాయం చేద్దామని, ఆ వజీరు ముక్క అనేశాను.

నానీ మంచం మీద లేచి కూర్చుంది. "ఎవడ్రా నువ్వు? కుర్చీలు దించను వచ్చినావా, కథ దించను వచ్చినావా? ఆ వజీరు బంగారం లాంటి మనిషి. ఆయన పచ్చగా ఉండాలని రోజూ దువా చేస్తున్నా నేను!"

"ఆయన దొంగ నానీ, మీరు చూస్తా ఉండండి..."

"కుర్చీల అన్నా," అంది అమ్మాయి పళ్ళ బిగువున, "కుర్చీలు బయట వేయండి. మీరు కూడా బయటే ఉండండి."

అంతలో తెర మీద ఒక దాసీ గుండెలు బాదుకుంటూ "మేరా ఖసం జంగ్ పే గయా" అని ఏడ్చింది. నానీ కోపం మర్చిపోయి అటు తిరిగింది. "ఖసం అంటే ఒట్టు గదనే? ఒట్టు యుద్ధానికి పోవడమేంది?"

"మనం ఒట్టును ఖసం అంటాం నానీ. పుస్తకాల ఉర్దూలో గొంతు లోపల నుంచి 'కసం' అనాలి. ఖసం అంటే మొగుడు."

నానీ నోటి మీద చెయ్యి వేసుకుంది. "మరి పొద్దున పాలామెతో 'మేక కా ఖసం, నీళ్ళు కలిపినావు' అంటిని గదనే?"

"మేకకి మొగుడని అయింది నానీ."

పుష్పమ్మకు నవ్వుతో వక్క గొంతుకు అడ్డం పడింది. నాకూ నవ్వొచ్చింది. అమ్మాయి నా వైపు చూసి, రాబోయిన నవ్వును మింగి, తలుపు వేసింది.

*

మర్నాడు ఫోన్ వచ్చింది.

"తాజ్ సప్లయర్సేనా? నేను ముబాషిరా. కంభం."

"నా నంబర్ మీకెట్ల తెలుసు?"

"కుర్చీ వీపు మీద పేరూ నంబరూ రాసుకున్నారు గదా, పెద్ద అక్షరాలతో. వినండి సాజిద్ భాయ్. మా నానీ దగ్గర ఇంకోసారి నోరు తెరిస్తే బాగుండదు."

"మీరు అబద్ధాలు చెప్తున్నారు."

అవతల తలుపు వేసుకున్న చప్పుడైంది. తర్వాత గొంతు మెత్తబడింది. "మా తాత కూడా ఇంకొకామెను తెచ్చుకున్నాడు. నానీ అప్పుడు ఒక్క మాటా అనలేదంట. ఆ సీరియల్‌లో అదే చూసి ఏడిస్తే నేను తట్టుకోలేను. అందుకే ట్యూషన్ పెట్టినా."

అమ్మానాన్న లేని పిల్లను నానీయే పెంచిందట. ముబాషిరా అక్కడే ఒక ప్రైవేట్ స్కూల్లో సోషల్ టీచర్. ఆ ఇంట్లో నానీ మాటే ఫర్మానా. నానీ కళ్ళు తడవకుండా చూసుకోవడమే ఈ పిల్లకు ఉద్యోగం, స్కూలు రెండోది. ఇదంతా విన్నాక నాకు వాదించబుద్ధి కాలేదు.

"అయినా మీకు ముందుంది ముసళ్ళ పండగ," అన్నాను. "రేపటి ఎపిసోడ్‌లో సుల్తాన్ ఆ ట్యూషన్ పిల్ల భుజం మీద చెయ్యేస్తాడు."

"అయ్యో! ఏం చెప్పాలి?"

"మార్కులు మంచిగ వచ్చినాయని మెచ్చుకుంటున్నాడని చెప్పండి."

పక్కున నవ్వింది. ఆ నవ్వు వినడానికి ఆ సీరియల్‌ను ఇంకో వెయ్యి ఎపిసోడ్లు లాగినా నాకు అభ్యంతరం లేదనిపించింది.

అప్పట్నుంచి రోజూ ఫోన్లే. ముందు రోజే నేను కథ చెప్పడం, ఇద్దరం కూర్చుని దాన్ని పాడు చేయడం. నా నోటి జబ్బుకు జీవితంలో మొదటిసారి ఒక ఉపయోగం దొరికింది. మార్కాపురంలో షామియానా గుంజలు పాతుతూ, చెవికీ భుజానికీ మధ్య ఫోన్ ఇరికించుకుని నేను సుల్తాన్ సంసారం చక్కదిద్దేవాణ్ని.

"సాజిద్ భాయ్, కొంప మునిగింది! ట్యూషన్ పిల్లకు కొడుకు పుట్టినాడు!"

"పెళ్లి చేసేద్దాం."

"ఎవరితో?"

"ఎవరో సిపాయి. మొగుడు సరిహద్దులో ఉన్నాడని చెప్పండి. సుల్తాన్ మేనమామ వరుసలో ఉయ్యాల వేయించినాడు."

"మీకు బుర్ర ఉంది సాజిద్ భాయ్."

"ఆ భాయ్ తీసేస్తే ఇంకా బాగుంటుంది."

"అది మాత్రం సుల్తాన్ ఆర్డర్ వేయాలి," అని పెట్టేసింది.

*

ఒకసారి కంభంలో ఫంక్షన్ హాలుకు కుర్చీలు దించి తిరిగి వస్తుంటే చెరువు కట్ట దగ్గర వాన పట్టుకుంది. ఆ వైపు వాన రావడమే గొప్ప, వస్తే మాత్రం ఏడాది బాకీ ఒక్క గంటలో తీర్చేసినట్టు వస్తుంది. రోడ్డు పక్కన చున్నీ తల మీద కప్పుకుని ముబాషిరా, సంచీ పట్టుకుని పుష్పమ్మ. బస్టాండులో కలిశారట. పుష్పమ్మ యర్రగొండపాలెంలో కూతురు రూబీ దగ్గర కొన్నాళ్ళుండి అప్పుడే బస్సు దిగింది.

నేను ట్రాలీ ఆటో ఆపి, వెనకున్న షామియానా గుడ్డను రెండు గుంజలకు కట్టి పట్టాను. పుష్పమ్మ మాత్రం ముందు సీట్లో ఎక్కి కూర్చుంది. "నాకు వాన చప్పుట్లో ఏమీ వినబడదు నాయనా," అని అడక్కుండానే చెప్పింది.

ఎరుపూ పసుపూ గుడ్డ కింద మేమిద్దరమే నిలబడ్డాం. ఫోన్లో గంటలు గంటలు మాట్లాడినవాళ్ళం, ఎదురెదురుగా వచ్చేసరికి చెరో వైపు తిరిగి వాన చూస్తున్నాం. ఏదో ఒకటి అనాలని నేనే మొదలుపెట్టాను.

"అసలు ఆ సీరియల్‌ని జనం ఎందుకంత అతుక్కొని చూస్తారంటారు? కత్తులు, గుర్రాలు, ఆ బట్టలు. అంతే గదా?"

"బట్టలు చూడను పది నిమిషాలు చాలు." టీచరమ్మ గొంతు వచ్చేసింది. "ఆ కొలువులో ఎవరూ మనసులో మాట బయటికి అనకూడదు. అంటే తల పోతుంది. అందుకే ఒక రుమాలు కింద పడినా మనకు గుండె దడ. ఒక చూపు ఒక అర నిమిషం ఎక్కువ నిలిచినా అమ్మో అనిపిస్తుంది. ఈ కాలం కథల్లో ఏముంది? ఫోన్ తీసి చెప్పేస్తారు."

"మనకు తల పోదు గదా?"

"మా నానీని నువ్వు సరిగ్గా చూళ్ళేదు."

నువ్వు! భాయ్ కూడా లేదు. నా చేతిలో గుంజ కొంచెం వంగింది, షామియానా మీద నిలిచిన నీళ్ళన్నీ నా నెత్తిన పడ్డాయి. తను నవ్వుతూ చున్నీ కొంగు ఇచ్చినట్టే ఇచ్చి, ముందు సీటు వైపు చూసి వెనక్కి లాక్కుంది.

"ఇంకోటి," అంది. "ఎక్కడ ఆపాలో తెలియాలి. మా ఎనిమిదో తరగతికి కోట ముట్టడి పాఠం చెప్పేటప్పుడు, కోట తలుపు విరిగే ముందు బెల్లు కొట్టేటట్టు చూసుకుంటా. మర్నాడు ఒక్కరూ ఆబ్సెంట్ ఉండరు. నువ్వైతే తలుపు తట్టక ముందే లోపల ఎవరు చచ్చినారో చెప్పేస్తావు."

"నాకు దాచడం రాదు."

"రాదా?" అని నా కళ్ళలోకి చూసింది. అర నిమిషం కంటే ఎక్కువే నిలిచింది ఆ చూపు. వాన తగ్గుతోంది. "సాజిద్, నీకొక మాట చెప్పాలి..."

"చెప్పు."

ముందు సీట్లోంచి పుష్పమ్మ దిగింది. "వాన ఆగిందమ్మా, పోదాం రా. నూరక్క ఎదురుచూస్తా ఉంటాది."

"ఏం మాట?" అని నేను వెంటపడ్డాను.

ముబాషిరా చెప్పులు చేతిలో పట్టుకుని వెనక్కి తిరిగింది. "బెల్లు కొట్టినారు," అని బురద దాటుకుంటూ వెళ్ళిపోయింది.

ఆ రాత్రి నాకు నిద్ర లేదని వేరే చెప్పాలా?

*

వారం తిరిగేసరికి కుర్చీలు తెచ్చుకోవడానికి మళ్ళీ కంభం వెళ్ళాను. వీధిలో పుష్పమ్మ ఎదురైంది. ముఖం చేటంత చేసుకుని ఉంది.

"నాయనా, సీరియల్‌లో కొత్త పిల్లోడు వచ్చినాడు, చూసినావా? డేరాల అబ్బాయి!"

"ఏ డేరాల అబ్బాయి?"

"సుల్తాన్ దండుకు డేరాలు వేసేవాడు. మల్లిక దగ్గర పనిచేసే పిల్ల మీద మనసంట. పిల్లకూ ఇష్టమే. ఎంత మంచోడనుకున్నావు! నోరు మాత్రం నిలవదంట, అదొక్కటే లోపం."

సీరియల్‌లో అలాంటివాడు లేడు. సందు చివర ట్రాలీలో కూర్చుని ఆ ఎపిసోడ్లన్నీ తిరగేశాను. చివరికి కనిపించాడు. సుల్తాన్ వెనక డేరా తాడు పట్టుకుని ఒక జూనియర్ ఆర్టిస్టు నిలబడి ఉన్నాడు. ఒక్క డైలాగు లేదు. ఒకచోట ఆవులిస్తున్నాడు కూడా. ముబాషిరా వాడికి పేరు పెట్టి, మనసు పెట్టి, నానీ ముందు హీరోను చేసి కూర్చోబెట్టింది.

ఆ ఆవులించేవాణ్ణి నేనే!

సంతోషంతో నాకు కాళ్ళు నేల మీద ఆనలేదు. ఏం చేస్తున్నానో తెలియకుండానే నానీ ఇంట్లోకి వెళ్ళిపోయాను. నానీ ఒక్కతే మంచం మీద తస్బీ పూసలు తిప్పుతూ ఉంది.

"ఏంది బేటా?"

"ఒక కుర్చీ తక్కువైంది నానీ."

"కుర్చీ తక్కువైందా, బుద్ధి తక్కువైందా? కూచో." నానీ కళ్ళద్దాలు సర్దుకుంది. "రోజూ నా మనవరాలి ఫోన్లో ఉండేది నువ్వేనంట. దానికీ నీకూ ఏంది సంగతి? నిజం చెప్పు."

అన్నీ చెప్పే నా నోరు, చెప్పాల్సిన చోట చచ్చుబడింది. నేను నిజం చెబితే పిల్లను తిడుతుందేమో, ఫోన్ లాక్కుంటుందేమో. ఎవరూ మనసులో మాట అనకూడని కొలువులో నిలబడ్డట్టు అనిపించింది.

"ఏం లేదు నానీ! అస్సలేం లేదు. ముబాషిరా కా ఖసం!"

మా వైపు మాటలో, ముబాషిరా మీద ఒట్టు అని. వెనక చప్పుడైంది. వంటింటి గుమ్మంలో టీ గ్లాసుతో ముబాషిరా నిలబడి ఉంది. మొత్తం వింది. గ్లాసు తెచ్చి నా ముందు పెట్టింది.

"చల్లారక ముందే తాగి పోండి, సాజిద్ భాయ్."

భాయ్ తిరిగొచ్చాడు. వస్తూ వస్తూ తలుపు గడియ కూడా వేశాడు.

*

తర్వాత ఫోన్లు లేవు. నేను చేస్తే ఎత్తలేదు. 'కథ నేనే చెప్పుకుంటా' అని ఒక మెసేజ్ మాత్రం వచ్చింది. నా మీద నాకే అసహ్యం వేసింది. ఆ పిల్ల ఆవులించేవాడిలో కూడా నన్ను చూసింది, నేనేమో ఆ పిల్ల మీదే ఒట్టు పెట్టి ఆ పిల్ల లేదన్నాను.

ఒక పొద్దున నాయన ఆర్డర్ చెప్పాడు. "రేపు శుక్రవారం కంభంలో కుర్చీలు కావాలంట. నూరున్నీసమ్మ ఇంటికి. ఆ టీచర్ పిల్లకు గిద్దలూరు నుంచి రిష్తా వస్తా ఉంది. పెళ్లికొడుకుది ట్రాక్టర్ స్పేర్ పార్ట్స్ దుకాణమంట. ఒక మహారాజా కుర్చీ కూడా పెట్టమని పెద్దామె గట్టిగా చెప్పింది. ఏందిరా, మొహం తడిసిన షామియానా లాగ వేలాడేసినావు?"

నా నోటి సంగతి మీకు తెలుసు కదా. ట్యూషన్ నుంచి టీ గ్లాసు దాకా ఒక్క ఊపిరిలో చెప్పేశాను.

నాయన చాలాసేపు గడ్డం గోక్కున్నాడు. "ఊరందరికీ అన్నీ చెప్తావు. ఈ ఒక్క మాట ఆ పిల్లకు చెప్పలేకపోయినావారా?"

నేను మహారాజా కుర్చీ దుమ్ము దులపడం మొదలుపెట్టాను.

"సరే, రేపు నేనూ వస్తా. మహారాజా కుర్చీ బరువు. ఇద్దరుండాల."

*

సాయంత్రపు అసర్ నమాజు అయ్యాక గిద్దలూరు కారు వచ్చింది. పెళ్లికొడుకు అష్రఫ్ ఇస్త్రీ మడత విప్పని చొక్కాలో బిగుసుకుపోయి ఉన్నాడు. నెమ్మదైన మనిషి. వాడిని ద్వేషిద్దామని ఎంత ప్రయత్నించినా నావల్ల కాలేదు. వాళ్ళమ్మ మాత్రం వచ్చిన దగ్గర్నుంచి నోరు మూయలేదు. ఆ లక్షణం చూసి నాకు ఆమె మీద కాస్త సొంతమనిషి అభిమానం కలిగింది.

అప్పటికే బయట షామియానా కట్టి, కుర్చీలు వేసేశాం. మహారాజా కుర్చీ హాలు మధ్యలో పెట్టాం. అష్రఫ్ కూర్చోబోతే నానీ ఆపింది. "ఆగు బేటా. అది ఎవరిదో ఇంకా తేలలేదు. ముందు సీరియల్ ఆఖరి భాగం ఉంది. చూసినాక మాట్లాడుకుందాం."

"అయ్యో, మల్లికా జర్‌నిగారా! నేను రెండు తూర్లు చూసినా," అంది అష్రఫ్ తల్లి.

నాయనా నేనూ గోడకు ఆనుకుని నిలబడ్డాం. ముబాషిరా టీవీ పక్కన, నా వైపు చూడకుండా, జీవం లేని గొంతుతో తెలుగు చెబుతోంది. ఆమె కళ్ళ కింద నీడలున్నాయి. యుద్ధం అయిపోయింది. దండు ఊరికి మళ్ళుతోంది. మైదానంలో డేరాలు ఒక్కొక్కటే కూలుస్తున్నారు. దూరంగా ఒక మూల, తాడు చుట్టుకుంటూ ఆవులించేవాడు కనిపించాడు. వాడి పక్కగా మల్లిక దాసీ బండి ఎక్కబోతోంది.

"ఆపు," అంది నానీ.

తెర మీద బొమ్మ అలాగే నిలిచిపోయింది.

"ఇన్నాళ్ళూ చెప్పినావు గదనే, డేరాల అబ్బాయి అని. ఆఖరికి ఆ పిల్ల ఏం చేసింది? బండెక్కి పోయిందా?"

అష్రఫ్ తల్లి అయోమయంగా చూసింది. "ఏ డేరాల అబ్బాయి పెద్దమ్మా? సీరియల్‌లో అట్లాంటోడు లేడు గదా!"

"మీ సీరియల్‌లో లేడేమో. మా సీరియల్‌లో ఉన్నాడు," అంది నానీ.

ముబాషిరా ముఖం పాలిపోయింది. చేతిలో రిమోట్ అటూ ఇటూ తిప్పింది. నానీ నా వైపు తిరిగింది. "నువ్వు చెప్పు బేటా. అన్నిటికీ ముగింపు నీకు ముందే తెలుసు గదా."

గదిలో అందరూ నన్నే చూస్తున్నారు. నాయన మోచేత్తో పొడిచాడు. నాలుక చివరన నువ్వుగింజలు కావు, నువ్వుల బస్తాయే ఉంది. కానీ ఆ ముగింపు చెప్పే హక్కు నాది కాదని, ఆ రోజు మాత్రం నా మందబుద్ధికి తోచింది.

"ఈ ముగింపు నాకు తెలియదు నానీ," అన్నాను. "డేరాల అబ్బాయి సంగతి మాత్రం తెలుసు. ఆ పిల్ల గురించి అడిగితే ఏం లేదని అబద్ధం ఆడినాడు. భయపడి ఆడినాడు. ఆ పిల్లంటే వాడికి ప్రాణం. బండెక్కాలా వద్దా అనేది ఆమె ఇష్టం. ఆమె ఎట్ల చెప్తే అట్ల."

ముబాషిరా మొదటిసారి తలెత్తింది. చూపు అలాగే నిలిచింది. అర నిమిషమో, ఇంకా ఎక్కువో నేను లెక్కపెట్టే స్థితిలో లేను.

"ఆ పిల్ల బండెక్కలేదు నానీ," అంది. "వాడి చేతిలో తాడు రెండో కొస పట్టుకుంది."

ముందుగా అర్థమైంది అష్రఫ్‌కే. గ్లాసులో షర్బత్ పూర్తిగా తాగి, లేచి, వాళ్ళమ్మ భుజం తట్టాడు. "లేమ్మా. ఈ సీరియల్‌లో మన పాత్ర అయిపోయింది."

"ఏంది, అట్లాంటి సీన్ లేదంటే వినరే!" అని ఆమె కారు దాకా వాదిస్తూనే వెళ్ళింది.

వాళ్ళను సాగనంపి వచ్చిన ముబాషిరా నానీ కాళ్ళ దగ్గర కూలబడింది. "తప్పైంది నానీ. నేను చెప్పిన కథ అంతా అబద్ధం. ఆ ట్యూషన్ పిల్ల..."

"సుల్తాన్ రెండో పెళ్లాం," అంది నానీ తాపీగా.

"తెలుసా నీకు?"

పుష్పమ్మ వక్క బుగ్గన పెట్టుకుంది. "మా రూబీ ఇంట్లో తెలుగులో వస్తాదమ్మా. ఉన్నన్నాళ్ళూ అదే చూసినా. వచ్చి నూరక్కకు అంతా చెప్పినా."

"మరెందుకు రోజూ కూచుని నాతో చెప్పించుకున్నారు?"

"కథ ఏమవుతాదో చూడను కాదే. నువ్వు ఎట్ల తప్పించుకుంటావో చూడను," అంది నానీ. "ఆ బిడ్డ నాయన సిపాయి ఎప్పుడొస్తాడని నేనడిగిన రోజు నువ్వు పడిన అవస్థ చూసి, నువ్వు పోయినాక మేమిద్దరం కడుపు పట్టుకొని నవ్వుకున్నాం." ఆ నవ్వు మధ్యలోనే నానీ కళ్ళద్దాలు తీసి పక్కన పెట్టింది. మనవరాలి తల మీద చెయ్యి వేసింది. "మీ తాత ఆమెను తెచ్చిన దినం, ట్యూషన్‌కి వచ్చిందని చెప్పేవాళ్ళు నాకు ఎవరూ లేకపోయినారే. నువ్వు చెప్తా ఉంటే బాగుండింది."

ముబాషిరా ఆ ఒళ్ళో ముఖం దాచుకుని ఏడ్చింది. పుష్పమ్మ ముక్కు చీదింది. మా నాయన గోడ వైపు తిరిగి ఒక కుర్చీ మడత పెట్టడం మొదలుపెట్టాడు. అది మడత కుర్చీ కాదు.

"అయితే అన్నీ తెలిసి ఆ గిద్దలూరోళ్ళను ఎందుకు పిలిచినావు?" అని చివరికి అడిగింది ముబాషిరా.

"పిలవకపోతే నువ్వు నోరు తెరవవు, వీడు సరైన మాటకు తెరవడు." నానీ కళ్ళు తుడుచుకుని నన్ను రమ్మని సైగ చేసింది. "ఇట్ల రా. ఆ దినం ఇదే మంచం దగ్గర నిలబడి నాకేం చెప్పినావు?"

"ఏం లేదని చెప్పినా నానీ. తప్పే."

"అది కాదు. ఆఖరి మాట."

"ముబాషిరా కా ఖసం అన్నా."

"పుస్తకాల ఉర్దూలో ఖసం అంటే ఏంది?"

ముబాషిరా తడి కళ్ళతోనే తల పైకెత్తింది.

"మొగుడు," అన్నాను.

"ముబాషిరాకు మొగుణ్ణని నా మొహం మీదే చెప్పినావు గదా. మగాడివైతే మాట నిలబెట్టుకో." నానీ మా నాయన వైపు చూసింది. "ఏం హజరత్ వలి, ఏమంటావు?"

"కుర్చీ మోయను వచ్చినా పెద్దమ్మా," అన్నాడు నాయన కళ్ళొత్తుకుంటూ. "రిష్తా మోసుకొని పోతా అనుకోలేదు. మాకు అంతకన్నా ఏం కావాల?"

నానీ వేలితో మహారాజా కుర్చీ చూపించింది. "కూచో పో. నీకోసమే తెప్పించినా. అద్దె మాత్రం అడగొద్దు."

*

పొద్దు వాలుతుంటే బయట షామియానా విప్పుతున్నాను. ఒక వైపు తాడు లాగితే రెండో వైపు బిగుసుకుపోయింది. చూస్తే ఆ కొస ముబాషిరా చేతిలో ఉంది.

"వదులు, చేతులు ఒరుసుకుపోతాయి," అన్నాను.

"వదలనని ఇందాకే చెప్పినా గదా, అందరి ముందు."

ఇద్దరం తాడు చుట్టుకుంటూ దగ్గరికొచ్చాం. కిటికీలోంచి రెండు ముసలి తలలు మమ్మల్ని టీవీ చూసినట్టు చూస్తున్నాయి.

"ఆ వాన రోజు ఏదో మాట చెప్పబోయి ఆపినావు," అన్నాను. "ఏంది అది?"

"నీకు ముందే తెలుసు గదా?"

"తెలుసు."

"అయితే చెప్పొద్దు," అని తాడు కొస నా చేతిలో పెట్టింది. "నేనే చెప్తా."

నా నోటికి వచ్చిన మాటను పళ్ళతో పట్టుకుని, జీవితంలో మొదటిసారి, ఎదురుచూశాను.